చిట్టిబాబు దగ్గరికి దారి

విజయవాడ మొగల్రాజపురంలో కొండ కింద, రాజ్యలక్ష్మి గారి మేడ మీద గది నాది. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. సెలవు రోజుల్లో సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ముందు కూర్చుని ఎంసీఏ పరీక్షలకు చదువుకునేదాన్ని. 2003 నాటి సంగతి ఇది.

ఆ సిస్టమ్‌లో చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. రెండు మాటలు టైపు చేసి 'కలుపు' అంటే వాటి మధ్య లంకె గుర్తుపెట్టుకుంటుంది. ఏ పాఠం ఏ పుస్తకంలో ఉందో, ఏ వెబ్‌సైట్‌లో చదివానో అన్నీ అలా కలిపి పెట్టుకున్నాను. తర్వాత ఏ రెండు పేర్లైనా ఇచ్చి 'దారి' అని అడిగితే, ఏయే లంకెల మీదుగా వెళ్లాలో చూపిస్తుంది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. నేను కలపనిది దానికి తెలియదు.

ఆ ఏడు వాయుగుండంలో మా తమ్ముడు చిట్టిబాబు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. మాది నాగాయలంక దగ్గర ఏటిమొగ. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాడు రాలేదు. మా నాన్న ఎల్లారావు, పక్కింటి బాలశౌరి బాబాయ్ తీరమంతా గాలించారు. ఇక కర్మ చేసెయ్యమన్నారు ఊళ్లో పెద్దలు. అమ్మ ఏడుస్తూనే ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. మనిషి కనపడకుండా కర్మ ఏమిటి? వాడు ఎక్కడో ప్రాణాలతో ఉంటే?

ఊరి నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నం బట్టలైనా మార్చుకోకుండా సిస్టమ్ ముందు కూర్చున్నాను. వేటకెళ్లేవాళ్లు చెప్పినవన్నీ ఎక్కించాను. గాలి ఎటు తిరిగింది, నీటి లాగుడు ఎటు, ఏ చెక్క ఎక్కడ దొరికింది. అన్నిటినీ చిట్టిబాబు పేరుతో కలిపాను. అడగడానికి నాకింక మనుషులెవరూ మిగల్లేదు.

బయట ముసురు. పగలే గదంతా చీకటిగా ఉంది. చిట్టిబాబు నుంచి ఒడ్డుకు దారి అడిగాను.

చిట్టిబాబు – తాడు – మడచెట్టు – నాచుగుంట – ఒడ్డు.

తాడు అని నేను కొట్టలేదు. మడచెట్టు అనీ కొట్టలేదు. నాచుగుంట ఒక్కటే నేను ఎక్కించింది, మా ఊరి దగ్గర మడ అడవుల దీవి, అక్కడో చెక్క దొరికిందని.

ఆ లంకెలు తీసెయ్యమన్నాను. అలాంటి లంకెలేవీ లేవంది. మళ్లీ దారి అడిగాను. మళ్లీ అవే మాటలు. సిస్టమ్ వెనక ఫ్యాను లోంచి వెచ్చటి గాలి వస్తోంది... అందులో ఉప్పు వాసన. పోటు నీళ్లు తీశాక మడల్లో పైకి తేలే కుళ్లు బురద వాసన.

నేను భయపడాల్సింది. కానీ నాకు ఆశ పుట్టింది.

కిందికి పరుగెత్తి రాజ్యలక్ష్మి గారి ఫోను నుంచి మా ఊళ్లో ఆదెమ్మ పిన్ని కొట్టుకి చేశాను. నాన్నని పిలిపించాను.

"నాచుగుంట మడల్లో చూశారా నాన్నా?"

"అంచులన్నీ చూశాం తల్లీ."

"లోపల?"

"లోపలికి పడవ పోదు. నడుం లోతు బురద. ఎవరన్నా చెప్పారా?"

"చూశారంట. చెట్టుకి తాడేసి కట్టుకున్నాడంట." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

"బతికున్నాడా?" అన్నాడు నాన్న, గుసగుసగా.

"పొద్దుండగానే వెళ్లు నాన్నా... నా మాట విను."

మేడెక్కి వచ్చేసరికి తెర మీద ఇంకో మాట చేరింది.

నాచుగుంట – నాన్న.

నాన్నని నేనెప్పుడూ అందులో పెట్టలేదు.

మళ్లీ కిందికి. మళ్లీ ఫోను.

"ఇప్పుడే పడవ తీశారు తిరుమలా. బాలశౌరిని తోడు తీసుకెళ్లాడు," అంది ఆదెమ్మ పిన్ని.

"వెనక్కి పిలిపించు పిన్నీ! ఇంకో పడవ పంపు!"

"ఈ గాలిలో ఎవరు దిగుతారే?"

పైకొచ్చి టైపు చెయ్యడం మొదలుపెట్టాను. నాన్న – అమ్మ. నాన్న – ఇల్లు. నాన్న – ఏటిమొగ. ఆయన చుట్ట. ఆయన తలగుడ్డ. ఆయన వల బాగుచేసుకునే అరుగు. అమ్మ పెట్టే చేపల పులుసు. ఆయన్ని ఒడ్డున పట్టి ఉంచగలిగినవన్నీ కలిపాను. నాన్న నుంచి ఇంటికి దారి అడిగాను.

దారి లేదు.

ఇప్పుడే కలిపాను కదా! మళ్లీ కలిపాను. మళ్లీ అడిగాను.

దారి లేదు.

"వద్దు... నాన్న వద్దు..." తెరకి దణ్ణం పెట్టాను.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. తెర ఆరింది. కీబోర్డు మీద నా వేళ్లు అలాగే ఉన్నాయి. కదపడం లేదు. కానీ వాటి కింద మీటలు... ఒక్కొక్కటే... దిగుతున్నాయి.

చేతులు వెనక్కి లాక్కున్నాను.

టక్... టక్... చప్పుడు ఆగలేదు.

ఆ రాత్రంతా కింద ఫోను పక్కనే కూర్చున్నాను. పొద్దెక్కాక మోగింది. బాలశౌరి బాబాయ్.

"చిట్టిబాబు దొరికాడమ్మా. మడచెట్టుకి తాడేసి కట్టుకుని ఉన్నాడు. పోయి చాలా రోజులైంది తల్లీ."

"నాన్నేడి?"

ఫోను మూసి పక్కన ఎవరితోనో ఏదో అన్నాడు.

"బాబాయ్... నాన్నేడి?"

"ఇద్దరం బురదలో దిగాం. ఆయన ముడి విప్పుతున్నాడు. ఇంతలో లోపల్నుంచి ఎవరో పిలిచారు. తాడు వదిలేసి గబగబా అటు పోయాడు. నేను అరుస్తూనే ఉన్నా, వెనక్కి చూడలేదు. రాత్రంతా వెతికాను. ఎక్కడా లేడమ్మా..."

"ఎవరు పిలిచారు?"

బాబాయ్ గొంతు తగ్గించాడు.

"నాన్నా, ఇటు... ఇటు... అని. ఆడపిల్ల గొంతు. నీ గొంతే తిరుమలా. నువ్వు... విజయవాడలోనే ఉన్నావు కదా?"