మూడింటికి మోగని గంట

"రేపు మధ్యాహ్నం మూడింటికి డాక్టర్ హాసేని చంపేస్తారు," అన్నాడు చీఫ్ బ్రుంక్‌హోర్స్ట్ సిగార్ ముట్టించుకుంటూ. "నువ్వు ఆపాలి."

ఏజెంట్ కొన్రాడ్ వీబెల్స్ టేబుల్ మీది కాగితం అందుకున్నాడు. తూర్పు జర్మనీ ముఠా పంపిన రేడియో మెసేజ్. డీకోడ్ చేస్తే మిగిలినవి రెండే ముక్కలు: "శుక్రవారం మూడు గంటలు, ఆల్టెన్‌లాన్ కేథడ్రల్. పైన మోత మొదలవగానే కాల్చు."

"మోతంటే ఏంటి సార్? విమానమా?"

"నన్నడుగుతావేమయ్యా! నువ్వు పుట్టిన ఊరే కదా అది!"

కొన్రాడ్‌కి ఏమీ తట్టలేదు. "హాసేని రేపు ఇంట్లో పెట్టి తాళం వేస్తే పోలా?"

"వేస్తే హంతకుడు దొరకడు. పైగా ముసలాయన జగమొండి. మొన్ననే సరిహద్దు దాటి వచ్చాడు. ఇక్కడున్న ముఠా మనుషుల పేర్లు ఆయన ఒక్కడికే తెలుసు. సోమవారం చెప్తాడట. గుడ్ ఫ్రైడే ప్రార్థనకి పోనివ్వకపోతే అసలు నోరే విప్పడట." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆయన అక్కడికెళ్తున్నట్టు మన ఆఫీసులోంచే పొక్కింది. ఎవరికీ చెప్పకు."

"చెప్పుకోడానికి నాకెవరున్నారు సార్?"

జోక్ కాదది. నలభై నాలుగేళ్లొచ్చాయి. యుద్ధంలో బాంబు పడి ఇల్లూ, అమ్మా, తమ్ముడూ ఒక్క రోజులో పోయారు. ఇప్పుడుంటున్న ఫ్లాట్‌లో ఒక కుర్చీ, ఒక కప్పు. రెండోది కొనాల్సిన అవసరం పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ రాలేదు.

ఉన్నదల్లా రైన్‌హిల్డ్. ట్రాన్స్‌లేషన్ సెక్షన్‌లో పని. ఆమె కారిడార్‌లో నడిచివస్తుంటే టైప్‌రైటర్లు ఆగిపోయేవి. ఆమెది కూడా ఆల్టెన్‌లానే, వంతెన అవతల అని చెప్పింది. రెండేళ్లుగా ప్రతి గురువారం ఇద్దరూ కలిసి భోంచేస్తారు, ఊరి కబుర్లు చెప్పుకుంటారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ ఒక్క పూట కోసమే అతను వారమంతా ఈడ్చుకొచ్చేవాడు.

ఆ రోజూ గురువారమే. ప్లేట్లలో ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలు, పైన ఏడు రకాల ఆకులతో చేసిన పచ్చ సాస్.

"తినవేం? అలిగావా నా మీద?" అంది రైన్‌హిల్డ్. "పండక్కి ఊరెళ్లడం లేదా?"

"ఏముందక్కడ? రాళ్లు."

"ఛ, అలా అనకు! రేపు మూడింటికి పెద్ద గంట కొడతారు, గుర్తుందా? ఎంత నిదానంగా మోగేదో! నేను భయపడి మా నాన్న చెయ్యి పట్టుకుని వదిలేదాన్నే కాదు."

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. కొన్రాడ్ చేతిలో ఫోర్క్ ఆగిపోయింది.

ఆ కేథడ్రల్‌లో ముందు సగం కేథలిక్కులది, వెనక సగం ప్రొటెస్టెంట్లది. మధ్యలో రాతిగోడ. నాలుగు వందల ఏళ్ల కిందట కొట్టుకుని కొట్టుకుని, చివరికి ఒప్పందం రాసుకున్నారు. గంట మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే. క్రీస్తు మరణానికి సంతాపంగా గురువారం సాయంత్రం నుంచి ఈస్టర్ దాకా కేథలిక్కులు గంట కొట్టరు. వేరే ఊళ్లలో ప్రొటెస్టెంట్లు ఆయన ప్రాణం విడిచిన వేళని గుడ్ ఫ్రైడే మూడింటికి కొడతారు గానీ, ఇక్కడ ఒప్పందం ప్రకారం వాళ్లూ ముట్టుకోరు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ ఆ రోజు గంట అన్న ఊహే రాదు. పొద్దున అతనికీ అందుకే తట్టలేదు.

పైన మోత అంటే గంట! ఆ ప్లాన్ వేసినవాళ్లకి రేపు గంట మోగుతుందన్న నమ్మకం ఉంది. అదే నమ్మకం ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని గుడ్డు తింటోంది.

"గుర్తుంది," అన్నాడు కొన్రాడ్. గుడ్డు ముక్క సాస్‌లో అద్దుకున్నాడు.

బయటికొచ్చి చీఫ్‌కి ఫోన్ చేశాడు. రెండుసార్లు మాట్లాడకుండానే పెట్టేశాడు. మూడోసారి ఆమె పేరు చెప్పాడు.

శుక్రవారం పెట్టుడు గడ్డం, గుడి సేవకుల నల్ల అంగీ, ప్రార్థన పుస్తకంలో వైర్‌లెస్‌తో లోపలికి అడుగుపెట్టాడో లేదో, గుడి చూసుకునే ముసలి ఓబర్లే మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏరా కొన్రాడ్! బొచ్చు అంటించుకుంటే గుర్తుపట్టననుకున్నావా?"

"మెల్లగా తాతా! కొంప ముంచకు."

"ఎవరితో వచ్చావురా?"

"ఒక్కణ్ణే."

ముసలాయన అతని భుజం తట్టి వదిలేశాడు.

మూడయింది. లోపల చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మూడు వందల తలలు వంగి ఉన్నాయి. మూడో వరసలో హాసే బట్టతల. స్తంభం పక్కన గోధుమరంగు కోటువాడి తల ఒక్కటే నిటారుగా ఉంది. వాడు వాచీ చూసుకున్నాడు. పైకప్పు వైపు చూశాడు. మళ్లీ వాచీ. కుడి చెయ్యి కోటు లోపలే ఉంది.

ఎంతసేపు చూస్తావురా నాయనా, అనుకుంటూ కొన్రాడ్ కదిలాడు. మధ్యలో పన్నెండు అంగల దూరం. ఆరు అంగలు వేశాడు.

సరిగ్గా అప్పుడే ఓబర్లే గంటకి బదులు వాడే చెక్క గిలక్కాయని గిర్రున తిప్పాడు. కటకటకటమని గుడంతా మోత!

వాడు ఉలిక్కిపడ్డాడు. ఏ మోతైతేనేం అనుకున్నాడు కాబోలు, సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. కొన్రాడ్ ఒక్క ఉదుటున దూకి, ప్రార్థన పుస్తకంతో మణికట్టు మీద ఒక్కటిచ్చుకున్నాడు. గుండు నేలరాతిలో దిగింది, వాడి చెయ్యి కొన్రాడ్ పట్టులో చిక్కింది. వంగిన తలల్లో ఒక్కటీ లేవలేదు. హాసే ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాడు.

అదే సమయానికి రైల్వే స్టేషన్‌లో రైన్‌హిల్డ్‌ని పట్టుకున్నారు.

శనివారం ఉదయం, ఇంటరాగేషన్ గది.

"ఎక్కడ దొరికిపోయాను?" అంది.

"ఆల్టెన్‌లాన్‌లో ఆ రోజు గంట కొట్టరు."

"మా ఊళ్లో కొడతారు," అంది ఆమె. "తూర్పున, సాలె నది ఒడ్డున. నీ ఊరు నేనెప్పుడూ చూడలేదు కొన్రాడ్. నువ్వు చెప్పిన కబుర్లే నీకు తిప్పి చెప్పేదాన్ని. ఆ గంటా, మా నాన్న చెయ్యీ మాత్రమే నిజం."

అతనికి ఒళ్లు మండింది. ఆ మంట చల్లారాక మాత్రం మిగిలింది దిగులే. ఇక గురువారాలు లేవు. ముఠా సంగతులు అడగాలి, కోడ్‌లు అడగాలి. పేర్లు ఎలాగూ సోమవారం హాసే చెప్తాడు.

"మీ ఊళ్లో ఇంకా ఏముంది?" అన్నాడు.

ఆమె అనుమానంగా చూసింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

రిపోర్టులో కొన్రాడ్ ఇలా రాశాడు: "విచారణ రెండు గంటలు. కేసుకి పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పలేదు. వచ్చే గురువారం మరో రెండు గంటలకి అనుమతి కోరుతున్నాను."