గడప ముందు ఒక జత

దొంగ నడుంనొప్పులతో ఇన్సూరెన్స్ డబ్బు అడిగే వాళ్ళ వెంట తిరిగి తిరిగి, ఆ చలికాలానికి ఆండాళ్ అలసిపోయింది. జెర్సీ సిటీలో ఆమె డిటెక్టివ్ ఆఫీసంటే రెండు బల్లలు, ఒక హీటర్, లేఆఫ్ అయ్యాక సాయానికి చేరిన శశికాంత్. ఆవిడ చూపు మీద మాత్రం అతని నమ్మకం తరగలేదు.

ఒకరోజు దేదీప్య అనే ఆర్టిస్టు వచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"నా వర్క్‌ని ఎవరో పాడు చేశారు మేడమ్. ఎల్లుండి మ్యూజియం వాళ్ళొస్తున్నారు. తీసుకునేదీ లేనిదీ అప్పుడే తేలుస్తారు. నాలుగేళ్ళ పని."

ముగ్గురూ గ్యాలరీకి వెళ్ళారు. ఒక పాత చెక్క గుమ్మం, దాని ముందు తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి సేకరించిన పాత జోళ్ళు, గుమ్మం అవతల వెలుతురు తప్ప ఏమీ లేదు. పేరు 'గడప'. గడపకి ఆనుకుని ఉండాల్సిన ఆడవాళ్ళ నీలం చెప్పులు మాయమయ్యాయి. తెగిన పట్టీని ఎర్రదారంతో కుట్టిన జత అది. వాటి చోట ఎవరివో గోధుమరంగు మగవాళ్ళ బూట్లున్నాయి. ప్రారంభం రోజు జనం వెళ్ళాక చూసుకుందట.

"ఇది ఆర్ట్ ఎలా అవుతుంది మేడమ్?" అని శశికాంత్ గొంతు తగ్గించి అడిగాడు.

"తెలిస్తే నాకూ చెప్పు."

దేదీప్య అనుమానం గ్యాలరీ నడిపే శ్యామ్‌సుందర్ మీద. మా ఇంటి ముందు రోజూ ఇదే ఎగ్జిబిషన్ కదమ్మా అని ఆయన ప్రారంభం రోజున అందరిముందూ నవ్వాడట.

"మార్చింది మీరేనా?" ఆండాళ్ సూటిగా అడిగింది.

"జోకేశానండీ, అంతే. నా షూస్ నా కాళ్ళకే ఉన్నాయి."

ఆండాళ్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక బూటు ఎత్తింది. అంచు చుట్టూ తెల్లటి చార. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. మిగతా జోళ్ళలో దేనికీ ఆ చార లేదు. లేసులు ఓపిగ్గా విప్పి ఉన్నాయి. రెండు బూట్లూ గడపకేసి తిన్నగా పెట్టి ఉన్నాయి.

ఆ నీలం చెప్పులు ఎవరిచ్చారని అడిగితే, పక్క వీధిలో ఉండే కృష్ణవేణి ఆంటీ అని దేదీప్య చెప్పింది. వాళ్ళమ్మ పోయాక బీరువాలు సర్దుతూ ఇచ్చిందట. ఆండాళ్ ఫోన్ చేసింది. ప్రారంభానికి తను రాలేదనీ, నాన్న ఒక్కరే నడిచి వెళ్ళొచ్చారనీ, ఆ రాత్రి నుంచే ఆయనకి జలుబూ జ్వరమూ అనీ కృష్ణవేణి చెప్పింది.

మర్నాడు జ్వరం తగ్గాక అందరూ గ్యాలరీలో కలిశారు. కృష్ణవేణి తండ్రి గోపీనాథ్, రిటైరైన డాక్టరు. కాళ్ళకి కరకరలాడే కొత్త బూట్లు. ఆండాళ్ మొదట ఆయన్ని కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, తర్వాత మాట్లాడింది.

"ఎగతాళి చేసేవాడు లేసులు అంత ఓపిగ్గా విప్పడు. దొంగ తన బూట్లు వదిలిపోడు. ఉప్పు చార చూస్తే ఇవి ఆ రోజు రోడ్డు మీద నడిచొచ్చినవి. అంటే వీటి మనిషి మంచులో మేజోళ్ళతో ఇంటికెళ్ళాడు. అలా వెళ్తే జ్వరం వస్తుంది. కదండీ డాక్టరుగారూ?"

గోపీనాథ్ కోటు జేబుల్లోంచి నీలం చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ ఎర్రదారం నేను కుట్టిందే. మా ఆవిడ వీటిని పారెయ్యనిచ్చేది కాదు. ఇక్కడ గుమ్మం బయట కనిపించేసరికి వదిలి రాలేకపోయాను. ఊరికే తీసుకోవడం తప్పనిపించి నావి పెట్టాను."

"ఇవ్వొద్దని ఒక్కమాట అంటే పోయేది కదా నాన్నా."

"అడిగావా అమ్మా?" ఆయన మెల్లగానే అన్నారు.

ఆయన చెప్పులు దేదీప్య వైపు చాపారు. "నీ పని చెడకూడదు, తీసుకో."

దేదీప్య అందుకోలేదు. బూట్లకేసి చూసింది.

"ఇంటికి తీసుకెళ్ళండి అంకుల్. మీ షూస్ మాత్రం ఇక్కడే ఉండనివ్వండి."

"మ్యూజియం వాళ్ళు?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"నేను చేసింది గుమ్మం దాకానే సార్. తర్వాతది అంకుల్ చేశారు. ఉన్నదే చూపిస్తాను."

శశికాంత్ మళ్ళీ గుమ్మం కేసి చూశాడు. మెల్లగా వెళ్ళి ఆ బూట్ల ముందు కూర్చున్నాడు.

రెండ్రోజుల తర్వాత దేదీప్య ఫోన్ చేసింది. తీసుకుంటామన్నారట. ఆ గోధుమరంగు బూట్లు ఎవరివని మాత్రం అడిగారట.

"ఏం చెప్పావు?" ఆండాళ్ అడిగింది.

"గడప దాకా వచ్చి, భార్యని ఇంటికి తీసుకెళ్ళిన ఆయనవి అన్నాను మేడమ్."