బోర్లా కట్టిన బోటు

ఆ పొద్దున ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. సముద్రం వైపు నల్లటి మబ్బు. భైకళా వైపు తెల్లటి ఎండ. నడుమ కామాటిపుర ఉక్కలో ఉడుకుతోంది.

బంటీ పరిగెడుతున్నాడు.

తొమ్మిదో గల్లీ. పాత చాల్, వరస గదుల మేడ. రెండో అంతస్తు. కాలితో తలుపు తన్నాడు.

ఖాళీ!

చాప ఉంది. చాప పక్కన టీ గ్లాసు ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

కోమల్ లేదు...

జేబులో ఫోన్ మోగింది. శైలేష్.

"దొరికిందా?"

"ఇప్పుడే జారింది భాయ్. గల్లీ మాత్రం దాటలే. రెండు దిక్కుల మనోళ్లు నిలబడ్డరు."

"పదకొండు గంటలకు కోర్టు. అది లోపలికి పోయి నోరు తెరిస్తే నేను ఖతం. మరి నీ సంగతి? ఆ రోజు గొళ్లెం పెట్టింది ఎవడ్రా?"

బంటీ తలుపు వైపు చూశాడు.

గొళ్లెం పెట్టింది తనే.

గది ఖాళీ చేయనన్నాడు భూమయ్య. కోమల్ తండ్రి. శైలేష్ కత్తి తీసి లోపలికి వెళ్లాడు. బంటీ తలుపు మూసి బయట గొళ్లెం పెట్టాడు. రెండు నిమిషాల పని అన్నాడు శైలేష్. రెండు నిమిషాలే పట్టింది.

పరదా వెనక కోమల్ ఉందని ఇద్దరికీ తెలియదు.

ఆమె అంతా చూసింది. తలుపు మూస్తున్న బంటీ మొహంతో సహా!

"దొరికితే నాకు ఫోన్ చెయ్యకు," అన్నాడు శైలేష్. "పని కానిచ్చెయ్."

టైమ్ తొమ్మిదీ యాభై.

మెట్లు దిగి బుల్లెట్ స్టార్ట్ చేశాడు. గల్లీకి ఈ చివర ఇద్దరు మనుషులు, ఆ చివర ఇద్దరు. ప్రతి టాక్సీ ఆపుతున్నారు. ప్రతి బుర్ఖా ముందు నిలబడి చూస్తున్నారు. చీమ కూడా దాటదు.

చాల్ ముందు పాలమూరు ఆడకూలీలు వరసగా కూర్చున్నారు. పక్కన సిమెంటు మోసే ఇనప తట్టలు, తసలాలు. టెంపో కోసం ఎదురుచూపు. రోజూ ఉండే గుంపే.

"జరుగుండ్రి! తొవ్వల కూసుంటరేంది?"

"మేం జరిగితే నీ బండి ఇమానమైతదా కొడుకా?" అంది మేస్త్రీ పెళ్లాం లక్ష్మమ్మ. మిగతావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఊరోళ్ల బుద్ధి పోదు!"

బండి ముందుకు దూకింది. హ్యాండిల్ ఒక తసలాకు తగిలి అది దొర్లింది. దాని పక్కనున్నామె ఒక్క మాట అనలేదు. తల కూడా ఎత్తలేదు.

బంటీ వెనక్కి చూడలేదు.

గల్లీ చివర హారన్ల మోత. దారికి అడ్డంగా దుర్గయ్య టాక్సీ!

టాక్సీ నెత్తిన... బోటు!

బూడిదరంగు రబ్బరు బోటు. నిండా గాలి. క్యారియర్ మీద బోర్లా పెట్టి నైలాన్ తాడుతో కట్టేశారు. మూతి ముందుకు. మూతి నుంచి ఒక తాడు బంపర్‌కు, తోక నుంచి ఒక తాడు డిక్కీ కొక్కేనికి.

"ఏంది కాకా ఇది? టాక్సీకి టోపీ పెట్టినవా?"

దుర్గయ్య రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. చిన్నప్పుడు కృష్ణా నదిలో పుట్టి పడవ నడిపాడంటారు. స్టీరింగ్ మీద చేతులు తీయలేదు.

"మండల్ కమిటోళ్ల బోటు. గణపతి నిమజ్జనానికి. చౌపాటీల ఇయ్యాలె."

"డిక్కీ తీ!"

తీశాడు. స్టెప్నీ తప్ప ఏమీ లేదు. వెనక సీటు మీద కాలితో తొక్కే గాలిపంపు. సీటు కింద ఏమీ లేదు. బంటీ బోటు మీద అరచేత్తో కొట్టాడు. డప్పులా మోగింది.

వెనక తోపుడుబండివాడు బూతులు అందుకున్నాడు.

"నడువు నడువు!"

టాక్సీ ఫోరస్ రోడ్ ఎక్కింది.

బంటీ సిగరెట్ వెలిగించాడు. ఎదురుగా పంక్చర్ షాపు. షాపువాడు లారీ ట్యూబులో గాలి తీస్తున్నాడు. అంత పెద్ద ట్యూబు నిమిషంలో చచ్చిన పాములా పడింది. నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కాడు.

బంటీ చేతిలో సిగరెట్ ఆగింది.

గాలి తీస్తే... మడతపడుతుంది!

డిక్కీ ఖాళీ. పంపు సీటు మీదే ఉంది. బోటును మడిచి డిక్కీలో వేసుకుంటే పోయేదానికి... అంత గాలి కొట్టి, అన్ని తాళ్లు కట్టి, నెత్తిన ఎందుకు పెట్టుకుపోతున్నాడు?

అదీ బోర్లా!

క్యారియర్‌కూ బోటుకూ నడుమ మనిషి పట్టేంత జాగా!

"ముసలి నక్క!!"

ఫోన్ తీశాడు. "అందరూ బండ్లెక్కుండ్రి! దుర్గయ్య టాక్సీ! పిల్ల బోటు కిందుంది!"

"గల్లీల ఎవలుండాలె?"

"గల్లీల ఇంకేమున్నదిరా! రాండ్రి!"

నాలుగు బండ్లు ఒక్కసారి గర్జించాయి.

లామింగ్టన్ రోడ్ దగ్గర టాక్సీ తోక కనిపించింది. మెల్లగా పోతోంది. నలభై దాటడం లేదు. దాటితే బోటు మూతి కిందికి గాలి దూరి పైకి లేస్తుంది కదా... లోపల పిల్ల ఉంటే మరీ భయం!

సిగ్నల్. ఎర్ర లైటు.

ఎండ నెత్తి మాడుస్తోంది. రబ్బరు ఉబ్బుతోంది. తాళ్లు కిర్... కిర్ మంటున్నాయి.

దుర్గయ్య దిగాడు. బోటు పక్కన వంగాడు. ఏదో బిరడా తిప్పాడు. ఫుస్... అతని పెదాలు కదులుతున్నాయి!

మాట్లాడుతున్నాడు! పిల్లతో మాట్లాడుతున్నాడు!

బంటీ బుల్లెట్‌ను బండ్ల మధ్య దూర్చాడు. పచ్చ లైటు పడింది. టాక్సీ కదిలింది. నడుమ బస్సు అడ్డం వచ్చింది.

"ఛత్!"

ఆపెరా హౌస్. చౌపాటీ. ఇసుక. సముద్రం.

టాక్సీ ఆగలేదు!

చౌపాటీ దాటేసింది. మెరైన్ డ్రైవ్ ఎక్కింది. నేరుగా... కోర్టు వైపు!

టైమ్ పది ఇరవై ఎనిమిది.

అప్పుడే సముద్రం మీది మబ్బు పగిలింది. వాన కాదు, బిందెలతో కుమ్మరింపు! రోడ్డు తెల్లబడిపోయింది. ఇంతసేపూ కాగిన రబ్బరు మీద చల్లటి నీళ్లు. బోటు ముడుచుకుంటోంది. తడిసిన నైలాన్ తాడు సాగుతోంది. మూతి లేచింది... పడింది... మళ్లీ లేచింది!

లేచిన ఆ సందులో...

పూలపూల బట్ట! గుండ్రటి భుజం!

"ఉంది! ఉంది!!"

రెండు బండ్లు టాక్సీకి ముందు అడ్డం పడ్డాయి. బ్రేకులు కీచుమన్నాయి. బంటీ బండిని రోడ్డు మీదే పడేసి దూకాడు. బానెట్ ఎక్కాడు. కత్తి తీశాడు.

కస్సుక్!

బోటు పొట్టలోంచి గాలి బుస్సుమని తన్నుకొచ్చింది. రబ్బరు మెత్తబడి కిందికి వాలుతోంది. వాలుతున్న కొద్దీ కింద ఒక ఆకారం తేలుతోంది. తల. నడుము. ముడుచుకున్న మోకాళ్లు.

బంటీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చిన్నప్పుడు ఇదే కోమల్‌తో మెట్ల మీద గోలీలాడాడు.

అయినా పొడిచాడు.

మెత్తగా దిగింది. రక్తం లేదు. అరుపు లేదు.

రబ్బరు లాగి పారేశాడు.

బొంత!

చుట్టి, తాళ్లతో బిగించి, మనిషిలా మడిచిన బొంత! కత్తి గాటులోంచి పాత చీరల పేలికలు బయటికి వచ్చాయి.

"గాలి తీసి మడిస్తే డిక్కీల పడుతుండె," అన్నాడు దుర్గయ్య. తెరిచిన కిటికీలోంచి వాన తడుపుతున్నా సీట్లో అలాగే కూర్చున్నాడు. "నువ్వు చూడాల్నని పైన కట్టిన."

"ముసలోడా! సిగ్నల్ కాడ ఎవలితోని మాట్లాడినవ్?"

"లెక్కపెట్టిన. ఇరవై లెక్కపెట్టేదాక గాలి ఇడవాలె. లేకుంటే ఎండకు పగుల్తది."

ట్రాఫిక్ పోలీసు విజిల్! ఒకరు... ఇద్దరు... కార్ల అద్దాల్లోంచి ఫోన్లు వీడియో తీస్తున్నాయి. బంటీ మనుషులు అప్పుడే బండ్లు తిప్పేశారు.

బంటీ కదల్లేదు.

బొంత అంచు పట్టుకుని చూస్తున్నాడు. ఎర్రదారం కుట్టు. మూలన ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. ఆ మచ్చ పెట్టింది తనే, ఆరో క్లాసులో. ఇరవై ఏళ్లుగా తను కప్పుకుంటున్న బొంత...

అవ్వ బొంత!!

బండి లేపి పారిపోయాడు.

పదకొండూ నలభై. పదకొండో గల్లీ. చెక్కమెట్లు మూడేసి ఎక్కాడు. తలుపు తీసే ఉంది.

అవ్వ రత్నాబాయి స్టవ్ ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. గోడకున్న పాత ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. ఆమె కూలికి పోయినప్పుడు కట్టిన చీరలు అందులో ఉండేవి. ఇప్పుడు లేవు.

"బొంత తడిసిందా?" అంది, తిరగకుండానే.

బంటీ లోపలికి వచ్చాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"పిల్ల... యాడికెళ్లి పోయింది అవ్వా?"

"మీ ముందర్నుంచే. పిల్లకు నా చీర కట్టిచ్చిన. చేతికి తసలా ఇచ్చిన. లక్ష్మమ్మ పక్కన కూసోబెట్టిన. తసలాకు నీ బండి తగిలించినవంట గదా?"

దొర్లిన తసలా. ఎత్తని తల.

"మీ నలుగురు బండ్లెక్కినంక టెంపో వచ్చింది. అంతే." రొట్టె తిరగేసింది. "ఇరవై ఏండ్లు తసలా మోసిన, బంటీ. ఒక్కడు గూడ నా మొఖం చూడలే. నువ్వూ ఆ పిల్ల మొఖం చూడవని తెల్సు."

"కోర్టుకు..."

"పోయింది. లక్ష్మమ్మ ఫోన్ చేసింది."

"అవ్వా! నా పేరు గూడ చెప్తదే!"

రత్నాబాయి అప్పుడు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు.

"చెప్పనన్నది. చిన్నప్పటి దోస్తు, ఎట్ల చెప్పాలె అని ఏడ్చింది. నేనే చెప్పమన్న. గొళ్లెం పెట్టింది నా మనుమడేనని చెప్పమన్న."

ఫోన్ మోగింది. శైలేష్. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"శైలేష్ ముందుగాల వస్తడో, పోలీసులు ముందుగాల వస్తరో నాకు తెల్వదు," అంది. "ఎవలొచ్చినా నిన్ను ఆకలి మీద పంపను. కూసో."

రెండు పళ్లేలు. వేడి రొట్టె. ఎల్లిపాయ కారం. ఒక ఉల్లిగడ్డను గుప్పిటతో పగలగొట్టి చెరిసగం వేసింది.

బంటీ కత్తి కింద పెట్టాడు. కూర్చున్నాడు. రొట్టె తుంచాడు.

ఆమె కూడా తుంచింది.

ఇద్దరూ తింటున్నారు. బయట వాన ఆగిపోయింది.

కింద వాకిట్లో ఏదో బండి వచ్చి ఆగింది.

చెక్కమెట్లు కిర్రుమన్నాయి. ఒక అంతస్తు... రెండు...

రత్నాబాయి అతని పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.