సముద్రం బాకీ

తన కళ్లకే కనిపించనిది చూసేవాళ్లకి ఎలా కనిపిస్తుంది? ఈ సందేహం ఆమెను చిన్నప్పటి నుంచీ వదల్లేదు. దేవుడికి దండం పెట్టుకుని స్టేజి ఎక్కేది. కాళ్లు చెప్పిన మాట వినేవి. చూపు మాత్రం హాలు చివర, పైనున్న ఎర్ర బల్బు దగ్గరే ఆగిపోయేది.

నాట్యం నేర్పేది సొంత పెద్దమ్మే. అయినా మొహమాటం లేదు.

“తీరంలో పడవ కోసం ఎదురుచూసే భార్య వేషం నీకే ఇద్దామనుకున్నానే. నువ్వేమో బస్సు కోసం చూస్తున్నట్టున్నావ్. ప్రదర్శనలోపు ఆ చూపు మారకపోతే వెనక వరసే!”

ఆ మాటకొచ్చిన ఉక్రోషమంతా ఆమె ధనధనా అడుగులేస్తూ నేల మీద చూపించింది. కాసేపటికి, కింది అంతస్తులో బొమ్మలు గీయడం నేర్పే మాస్టారు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో తడి ఆరని బొమ్మ, జుట్టు నిండా సున్నం.

“ఇక్కడ ఏనుగు ఎవరండీ?”

“నేనే. ఏం?”

అతను కాస్త తడబడ్డాడు. “అబ్బే... సీలింగ్ పెచ్చు రాలి నా సముద్రం పాడైంది.”

నీళ్లూ ఆకాశమూ కలిసేచోట తెల్లటి మచ్చ. ఆమె నాలుక కరుచుకుంది.

“సారీ అండీ. మీకో సముద్రం బాకీ. కానీ నాకు గీయడం రాదే!”

“నేర్పుతాను. ఈలోగా కాస్త మెల్లగా దూకండి.”

అలా సాయంత్రాలు కింది అంతస్తులో గడవసాగాయి. ఆమె గీసిన నీళ్లు గోడలా నిలబడేవి. అతను నవ్వు ఆపుకునేవాడు, ఆమె రబ్బరు విసిరేది.

ఒక ఆదివారం తీరానికి తీసుకెళ్లాడు.

“కూర్చోండి. నీళ్ల అంచు ఎక్కడుంది?”

“నా కళ్లకి సూటిగా.”

“ఇప్పుడు లేవండి.”

లేచింది. “అరె, అదీ నాతోపాటే లేచిందే!”

“ఎప్పుడూ అంతే. మీ కళ్లు ఎంత ఎత్తులో ఉంటే, ఆ గీత అంత ఎత్తులో కనిపిస్తుంది.”

ఆమె నెత్తి కొట్టుకుంది. “స్టేజి మీద నేను కూర్చున్నా, లేచినా పైనున్న ఆ ఎర్ర బల్బు కేసే చూస్తున్నాను! సముద్రం ఆకాశంలో ఉంటుందా ఎక్కడైనా?”

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఉన్నదల్లా ఒక్క డ్రాయింగ్ బోర్డు. దాని కింద రెండు తలలు. వాన తగ్గాక కూడా బోర్డు దించాలని ఇద్దరికీ గుర్తు రాలేదు.

ప్రదర్శన రోజున ఆమె దండం పెట్టుకుని స్టేజి ఎక్కింది. కూర్చుంది, లేచింది. నీళ్ల అంచు కూడా తనతో కూర్చుంది, లేచింది. ఎర్ర బల్బు ఎటు పోయిందో తెలీదు. దూరాన ఏదో కదిలినట్టయి ఆమె ముఖం వెలిగింది. ముందు వరసలో ఉన్న మాస్టారు గభాలున వెనక్కి తిరిగి చూశాడు.

ఆట అయ్యాక పెద్దమ్మ అతన్ని పట్టుకుంది. “ఏం బాబూ, వెనక్కి తిరిగావేం?”

“పడవ వచ్చిందేమోనని అండీ...”

పెద్దమ్మ పకపకా నవ్వి ఆమె వైపు తిరిగింది. “కుర్రాడు మంచివాడే. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.” మెల్లగా అక్కణ్ణుంచి తప్పుకుంది.

ఆమె తలుపు వెనక దాచిన బొమ్మ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“బాకీ తీరిపోయిందని ఇక క్లాసుకి రావడం మానేస్తారా?” అతను బొమ్మని వెలుతురు వైపు తిప్పాడు. అంతలో నీళ్ల అంచున తెల్లటి చుక్క కనిపించింది. “దీని మీదా సున్నం పడిందా?”

“సరిగ్గా చూడండి మాస్టారూ. అది పడవ. ఇంటికొస్తోంది.”

అతను బొమ్మని గుండెలకి హత్తుకున్నాడు. తడి ఆరని సముద్రం కాస్తా చొక్కాకి అంటింది.

“తీరింది,” అన్నాడు.