మున్నూట నలభై ఒకటో మెట్టు

తెల్లారి ఆరు కొట్టగానే గోవిందస్వామి ఇంట్లో పవర్‌లూమ్‌లు రెండూ మొదలౌతాయి. తిరుత్తణిలో ఆ వీధికంతా అదే మేలుకొలుపు. ముందు గదిలో మగ్గాలు, వెనక గదిలో టీవీ, నడుమ ఒక గోడ. మగ్గం ఎంత గోల చేసినా వెనక గదిలో ఆయన పెండ్లాం కోకిల చెవికి ఎక్కదు. కాఫీ గ్లాసు పట్టుకొని చాప మీద కూర్చొని ఉంటుంది. తాగదు. ముందు మెట్టు పడాల. ఆ తర్వాతే కాఫీ.

"రామ్మా మోక్షితా, టైమైపోయె."

"వస్తాండానే అమ్మా. తలన్నా దువ్వుకోనియ్యవా?"

మోక్షితకు ఇరవై రెండేళ్ళు. తిరువళ్లూరులో బట్టలంగట్లో పని. ఏడుంబావు రైలు పట్టుకోవాల. ఆ లోపల పెట్టె ఆన్ చేసి, అన్న పేరు మీద లోపలికి పోయి, ఒక్క మెట్టు వేసి రావాల.

పెట్టె అంటే గేములాడే కన్సోల్. అది ఆమె అన్న గుణది. అందులో ఒక ఆట. రాయి, మట్టి, చెక్క తెచ్చుకొని ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. లోకంలో పిల్లకాయలు అందులో కోటలు కట్టుకుంటారు. గుణ తిరుత్తణి కొండ కట్టడం మొదలుపెట్టినాడు. కొండ మీది గుడికి మెట్లు మున్నూట అరవై ఐదు, ఏడాదికి దినాలెన్నో అన్ని. నలభై ఒక్క మెట్లు వేసినాడు. ఆ వారమే వానలో బైకు మీద వస్తా లారీ కింద పడినాడు.

వాడు పోయినాక కోకిల గోడ పక్కకు తిరిగి పండుకుంది. మాట లేదు. ఎవరైనా ముద్ద నోట్లో పెడితే మింగేది, లేకపోతే లేదు. నలభై ఒక్క దినాలు అట్లే గడిచినాయి. మర్నాడు పొద్దున ఏడవడానికి చోటు దొరక్క మోక్షిత పెట్టె ఆన్ చేసింది. అన్న ఆపిన కాడ ఒక రాయి పెట్టింది. గోడ పక్కనుంచి గొంతు వచ్చింది.

"ఎన్నోదే?"

"నలభై రెండోది."

ఆ పూట కోకిల లేచి తనంతట తాను అన్నం పెట్టుకునింది. ఆనాటి నుంచి దినానికొక మెట్టు. వేగంగా వేస్తే పది దినాల్లో అయిపోతుంది. వద్దనింది తల్లి. ఏడాది తిరిగేనాటికి పైకి చేరితే చాలు అనింది. డాక్టర్లు చేయలేని పని ఒక రాయి చేసింది.

ఇంకొక సంగతి చెప్పాల. ఆ పెట్టె చేసిన కంపెనీ రెండేళ్ళ కింద కొత్త రూలు పెట్టింది. దినానికొకసారి పెట్టె నెట్టులో కంపెనీకి కనపడాల. కనపడకపోతే ఆట తెరుచుకోదు. డిస్కు మొదట ఎవరి పేరున వేస్తే వాళ్ళదే. వాడు ఆడేసినాక తమ్ముడికి ఇచ్చినా, స్నేహితుడికి ఇచ్చినా, అమ్ముకున్నా అది పని చేయదు. దుడ్డు పెట్టి కొన్న వస్తువుకు దినమూ హాజరు. ఈ ఇంట్లో సచ్చిపోయిన పిల్లోడి పేరున దినమూ హాజరు పడుతుండేది. వేరే దారి లేదు.

ఆ పొద్దున మున్నూట నలభై రెండో మెట్టు వేయాల.

మోక్షిత రిమోట్ పట్టుకునింది. తెర మీద కొండ రాలేదు. నీలం రంగు మీద రెండు లైన్ల ఇంగ్లీషు వచ్చింది. ఒకసారి చదివింది. ఆఫ్ చేసి ఆన్ చేసింది. మళ్ళీ అదే.

"ఏమంటాదమ్మా?" కోకిల గ్లాసు పట్టుకునే అడిగింది.

"నెట్టు లేదులే అమ్మా. సాయంత్రం వేస్తాను. నువ్వు కాఫీ తాగు."

"నెట్టు లేకపోతే నీ సెల్లులో పాట ఎట్లొస్తాంది?"

మోక్షిత ఆనాడు రైలెక్కలేదు. తణికాచలానికి ఫోన్ చేసింది.

తణికాచలం గుణకు జతగాడు. తిరువళ్లూరు స్టేషన్ పక్కన పాత గేమ్ డిస్కుల అంగడి పెట్టినాడు. ఒకరు ఆడేసినది ఇంకొకరు కొనుక్కునేవాళ్ళు, అది ఆడేసి మళ్ళీ తెచ్చి మార్చుకునేవాళ్ళు. ఆవడి నుంచి అరక్కోణం దాకా పిల్లకాయలంతా అక్కడే. కొత్త రూలు వచ్చిన నెలకే అంగడి పడుకునింది. ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతాడు. పదింటికి వచ్చినాడు. మగ్గం కాడ గోవిందస్వామి తల ఎత్తకుండానే పలకరించినాడు.

"ఏమప్పా, యాపారం ఎట్లుండాది?"

"బ్రహ్మాండం మామా. శోళవరం పక్క రైతులొచ్చి డిస్కులు మూటగట్టుకోని పోతాండారు. మడిలో కట్టితే ఎండకు తళతళమంటాయంట, కాకులు రావంట. కాకులన్నా మా డిస్కుకు పేరడగవు."

గోవిందస్వామి నవ్వలేదు. తెగిన పోగు ముడేసుకుంటా ఉన్నాడు. వేళ్ళు రెండుసార్లు తప్పినాయి.

వెనక గదిలో తణికాచలం డిస్కు తీసి తుడిచి వేసి చూసినాడు. తన పేరు మీద పోయి చూసినాడు. ఆట కొత్తగా కొనుక్కోమనింది. కొనుక్కున్నా ఖాళీ నేలే వస్తుంది, గుణ కొండ రాదు. కడాకి ఫోనులో కంపెనీకి రాసినాడు. అర్ధగంటకు జవాబు వచ్చింది. దాన్ని తెలుగు చేసి మెల్లగా చదివినాడు.

"సొంతదారు చనిపోయినట్టు కుటుంబం నుంచి డెత్ సర్టిఫికెట్ అందినాదంట. అందువల్ల అకౌంట్ మూసేసినారంట. ఆటల మీద హక్కు ఇంకొకరికి పోదంట. కడాన, మీ దుఃఖంలో మేమూ పాలు పంచుకుంటున్నాం అని రాసినారు."

"సర్టిఫికెటా?" మోక్షిత లేచి నిలబడింది. "ఎవరు పంపినారు? నువ్వా అన్నా?"

"నేనా? ఏం పాపా అట్లంటావు! సచ్చినోడు సచ్చినాడని ఆ కంపెనీకి మాత్రం చెప్పకూడదని గేములాడే ప్రతి నాయాలికీ తెలుసు. నేను చెప్తానా?"

ముందు గదిలో మగ్గం ఆగింది. తర్వాత రెండోదీ ఆగింది. ఆ ఇంట్లో పగటిపూట అంత నిశ్శబ్దం గుణ శవం వచ్చిన దినం తర్వాత మళ్ళీ అప్పుడే.

గోవిందస్వామి గడపలో నిలబడినాడు. కనుబొమ్మల మీద దూది పింజలు.

"నేనే పంపించినాను."

ఆయనే చెప్పినాడు. కరెంటు మీటరు వాళ్ళ నాయన పేరు నుంచి ఆయన పేరుకు మారింది సర్టిఫికెట్ చూపించినాకనే. రేషన్ కార్డూ అంతే. నేతగాళ్ళ సొసైటీలో వాటా కూడా అంతే. మనిషి పోతే కాగితం పెట్టాల, పేరు మార్చుకోవాల. అది ఆయనకు తెలిసిన పద్ధతి. డిస్కు బిల్లు మీదుండే అడ్రసు చూసుకొని తిరువళ్లూరు బస్టాండు పక్క బ్రౌజింగ్ సెంటర్‌కు పోయినాడు. అక్కడ పనిచేసే పాపతో రాయించినాడు. నా కొడుకు గుణ చనిపోయినాడు, దయచేసి మా కూతురు మోక్షిత పేరుకు మార్చవలెను అని.

"ఏడాది తిరిగే దినానికి నీ పేరుండాల అనుకున్నానమ్మా. నీకు చెప్పకుండా ఇద్దామనుకున్నా."

"నన్ను ఒక్కమాట అడిగినావా నాయనా?"

"దినమూ వాని పేరున హాజరేస్తాంటే చూస్తా ఉండలేకపోయినానమ్మా. చెప్పకుండా వాడుకుంటే దొంగతనం కదా?"

"దొంగతనమా! మనమా దొంగలు? అన్న ఎండలో తిరిగి సంపాదించి కొన్నాడు ఆ డిస్కు! నీకు పద్ధతి కావాల. కాగితం కావాల. సంతకం కావాల. పో, ఇప్పుడు సంతోషమా? లారీ ఒకసారి చంపింది. నువ్వు కాగితం పెట్టి మళ్ళా చంపినావు."

"పాపా!" తణికాచలం చెయ్యి పట్టుకోబోయినాడు. విదిలించుకునింది.

గోవిందస్వామి చెంపదెబ్బ తిన్నవాడి మాదిరి నిలబడినాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కోకిల లేచింది. చల్లారిపోయిన కాఫీ తీసుకుపోయి తూములో పోసింది. గ్లాసు కడిగి బోర్లించింది. వచ్చి, ఆ పాత చోటులోనే, గోడ పక్కకు తిరిగి పండుకునింది.

మోక్షిత పోయి తల్లి పక్కన కూర్చునింది. "అమ్మా, నేనే కోపంలో అన్నాను. లెయ్. అమ్మా, అన్నం పెడతా."

గోడ పలకలేదు.

సాయంత్రందాకా అట్లే. తణికాచలం పోలేక పోలేక సంచిలో నుంచి కాగితాల కట్ట తీసినాడు. "మామా, ఇది మీరు చూడాల. గుణ రాసిందే. కొత్త రూలు వచ్చినప్పుడు మేమంతా చేతులు కాల్చుకున్నాం కదా. కొందరు నెట్టులో బూతులు తిట్టినారు. కొందరు ఒక ఆదివారం పెట్టెలు ఆన్ చేయకుండా ఉన్నారు. సోమవారం మళ్ళా ఆన్ చేసినారనుకో. కొందరు ఎట్లా తప్పదని కొత్తవే కొనుక్కున్నారు. వీడొక్కడు కంపెనీకి పంపాలని ఇది రాసి ఊరూరా తిరిగి సంతకాలు తెచ్చినాడు."

గోవిందస్వామికి గుర్తుంది. ఆ కాగితం ఆయన ముందరా పెట్టినాడు గుణ. కూలి పెంచమని నేతగాళ్ళను వెంటేసుకొని రోడ్డు మీద కూర్చున్న మనిషి ఆయన. రెండుసార్లు పోలీసు బండి ఎక్కినాడు. కొడుకు కాగితం చూసి ఏమన్నాడు? "బొమ్మలాటకు కూడా పోరాటమారా? పోయి పని చూసుకో పో" అన్నాడు. వాడు నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదు. చదువు," అన్నాడు.

తణికాచలం చదివి తెలుగులో చెప్పినాడు.

"మా ఇంట్లో ఒక మగ్గం ఎలుమలై అనే ఆయన దగ్గర పాతది కొన్నాం. దాని దూలం మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆయన చనిపోయినాడు. మగ్గం ఆగలేదు. మా నాయన దాని మీదే నేసి నన్నూ మా చెల్లినీ చదివించినాడు. మగ్గం చేసినవాడు వచ్చి ఇది ఎలుమలైది, నువ్వు నెయ్యకూడదు అని ఏనాడూ అనలేదు. నేను ఆడేసిన ఆట మా చెల్లి ఆడాల. ఆమె ఆడేసినాక ఎవరికైనా ఇచ్చుకోవాల. మేము భిక్ష అడగడం లేదు. కొన్న వస్తువు మాది అని చెప్తున్నాం."

గోవిందస్వామి ఎలుమలై మగ్గం కాడికి పోయినాడు. దూలం మీది ఆ పేరును బొటనవేలితో తడిమినాడు. ఇరవై ఏళ్ళుగా దినమూ చూసే పేరే. అక్కడే కింద కూలబడి టవలు నోట్లో కుక్కుకొని ఏడ్చినాడు. కొడుకు పోయినప్పుడు కూడా ఆ ఏడుపు రాలేదు ఆయనకు.

మోక్షిత వాకిట్లో నుంచి చూసింది. వచ్చి పక్కన కూర్చునింది.

"నాయనా. నేనన్న మాట..."

"నువ్వన్నది నిజమేమ్మా."

"కాదు. నువ్వు నిజం రాసినావు. నిజం రాసినోడి నెత్తిన కొట్టినారు వాళ్ళు. నేనూ వాళ్ళతో పాటే కొట్టినాను."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టినాడు.

"వాడు అడిగింది మేము అడిగిందే పాపా. కష్టపడినోడికి హక్కు. నాకు తెలియలేదు. ఆట అన్నాడని నవ్వేసినాను." టవలుతో మొహం తుడుచుకున్నాడు. "తణికాచలం, పెన్ను ఇయ్యప్పా."

తమిళంలో సంతకం పెట్టినాడు. పక్కన "గుణ నాయన" అని రాసినాడు, తెలుగులో, చిన్నప్పుడు వాళ్ళ నాయన నేర్పించిన వంకర అక్షరాల్లో. తమిళ బడిలో చదివిన గుణకు ఆ అక్షరాలు చదవడం వచ్చేది కాదు. మోక్షితకూ రాదు.

ఆ కాగితం ఫోటో తీసి కంపెనీకి పంపినారు. సంతకంతో ఏమొచ్చింది? ఏమీ రాలేదు. కంపెనీ మళ్ళీ అదే జవాబు రాసింది, అదే దుఃఖం పంచుకునింది. వినియోగదారుల కోర్టులో కేసు వేయాలన్నాడు తణికాచలం. వేస్తామన్నాడు గోవిందస్వామి. ఈ లోపల ఇంట్లో కోకిల రెండు దినాలుగా నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

మూడో పొద్దున ఆరు గంటలకు మగ్గాలు మొదలు కాలేదు. గోవిందస్వామి స్విచ్చి వేయబోతూ వెనక్కి చూసినాడు. కోకిల స్నానం చేసి తడి తలతో నిలబడి ఉంది. కళ్ళు గుంటలు పోయినాయి.

"కొండకు పోదాం," అనింది.

"నువ్వు ఎక్కలేవే. ఆటోలో పోదాం, పైదాకా రోడ్డుండాది."

"మెట్లనే పోదాం."

ముగ్గురూ ఎక్కినారు. కోకిల ఒక్కొక్క మెట్టూ ఎంచుకుంటా ఎక్కింది, గట్టిగా, పక్కవాళ్ళు తిరిగి చూసేటట్టు. నలభై ఒకటో మెట్టు మీద ఆగి వంగి చేత్తో తాకింది. మళ్ళీ ఎక్కింది. రెండువందల కాడ ఊపిరి అందలేదు. మోక్షిత నడుం పట్టుకునింది, గోవిందస్వామి రెక్క పట్టుకున్నాడు. మున్నూరు దాటినారు. పైన గోపురం కనపడతా ఉంది, గంట వినపడతా ఉంది.

"మున్నూట నలభై ఒకటి," అని కోకిల కూర్చుండిపోయింది.

"ఇంక ఇరవై నాలుగేనే. పట్టుకుంటాము, రా."

"వద్దు. వాడు ఈడిదాకనే వచ్చినాడు. వాడు మిగతావి ఎక్కినాకనే నేను ఎక్కేది."

గోవిందస్వామి పెండ్లాం మొహం చూసినాడు. ఎన్ని ధర్నాల్లో కూర్చున్నాడో, ఇట్లా కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు. ఆ పక్క కూర్చున్నాడు. మోక్షిత ఈ పక్క కూర్చునింది. సంచిలో నుంచి ఇడ్లీ పొట్లం తీసింది. కోకిల ఒక ముక్క తుంచుకునింది. నోట్లో పెట్టుకునింది. నమిలింది. మోక్షిత మొహం పక్కకు తిప్పుకొని ఏడ్చింది.

దిగివచ్చే ముసలాయన ఒకడు ఆగినాడు. "ఏమ్మా, కాళ్ళు నొస్తాండాయా? ఇంక కొంచెమే, పైకి పోండి."

"కాళ్ళు బాగానే ఉండాయన్నా," అనింది కోకిల. "పైకి దారి మూసేసినారు."

ముసలాయన తల ఎత్తి పైకి చూసినాడు. మెట్లు ఖాళీగా, ఎండలో, గుడిదాకా తెరిచే ఉన్నాయి. ఆయనకు అర్థం కాలేదు. గోవిందస్వామి జేబులో మడిచి పెట్టుకున్న గుణ కాగితం తీసి, "ఇట్లా కూర్చోన్నా, చెప్తాను," అని పక్కకు జరిగి చోటిచ్చినాడు.