రెండో స్క్రీను

మరాఠోల్ల గడ్డ మీద, నీలం నగర్ల మా యాదగిరి కారఖాన ఉండె. అక్కల్‌కోట్ రోడ్డు దిగి లోపలికి పోతే, బీడీలు చేసేటోళ్ల ఇండ్ల ఎనుక, రేకుల షెడ్డు. మగ్గాలల్ల ఒక్కటే జకార్డుది. దాని మీద బొచ్చెడు హుక్కులుంటయ్. కంప్యూటర్ల గీసిన నక్ష తీగెల పొంటి పోయి ఆ హుక్కుల్ని లేపుతది, కింద చాదర్ మీద పువ్వు దిగుతది. ఆ మగ్గం యాదగిరిది. నక్షలు గీసేది సుత ఆయననే. ఆయన పానం తీసింది సుత ఆ మగ్గమే.

భుజం మీది తువ్వాల పోయి మోటర్ తిప్పే పట్టాల పడ్డది. పట్టా తువ్వాలను గుంజె, తువ్వాల మెడను గుంజె. తమ్ముడు సంతోష్ ఉరికొచ్చి మోటర్ బంద్ చేసేటాల్లకు మొకం ఇనుప చట్రంల ఇరికి... ఇగ అది చెప్పొద్దు. చాదర్ మీద ఎర్ర పువ్వు ఏదో నెత్తురు ఏదో గుర్తువట్ట రాలే.

మా నేతోల్లల్ల ఒక పద్ధతి ఉన్నది. నేసేటోడు నడుమనే పోతే, సగం బట్ట మగ్గం మీద ఉంచొద్దు. ఇంటామె కత్తెర వట్టుకోని కొయ్యాలె. "నీ పని అయిపోయింది, ఇగ పో" అనాలె. అటెనుకనే ఇంకోలు ఆ మగ్గం ముట్టాలె. యాదగిరి పెండ్లాం భాగ్యలక్ష్మి ఏడ్సుకుంట ఏడ్సుకుంట బీడీ ఆకు కత్తిరించే కత్తెరతోనే కోసింది. అంత పద్ధతి ప్రకారం అయిందనే అనుకున్నరు.

కంప్యూటర్ సంగతి ఎవ్వలకు యాదికి రాలే. యాదగిరి సగం గీసిన నక్ష ఒకటి దాంట్లనే ఉండె.

ఆయన బిడ్డ నమ్రత. కాలేజీ చదివిన పిల్ల. బాపు పోయినంక ఆ పిల్లకు అన్నీ కాకనే. సంతోష్ గుమ్మం దాటితె చాలు, మల్ల వచ్చేదాక ఆమె పానం ఆమె దగ్గర ఉండది. అసుంటి కాక, రేపటికెల్లి ఆ మగ్గం మీదనే కూసుంట అన్నడు. ఒద్దంటె ఇంటడా? కంప్యూటరేమో వైరస్ పురుగు వట్టి సచ్చింది.

"కంప్యూటర్‌ను నడిపేది కొత్తది ఎక్కిస్త కాకా. లినక్స్ అంటరు. దానికి పైసలు సుత లేవు."

"పైసల్లేకుండ ఎట్ల పని చేస్తదే?"

"నీకు ఎవ్వలన్న ఇస్తున్నరా? నువ్వు చేస్తలేవా?"

బాపు పోయినంక ఆ షెడ్డుల నవ్వు ఇనవడ్డది అదే.

ఆనాడు కారఖానకు సుట్టి, పని లేదు. లైన్ల కరెంటు లేదు. మగ్గాలన్ని పండుకున్నయ్. మూలకున్న అద్దాల గదిల కంప్యూటర్ ఒక్కటి ఇన్వర్టర్ మీద నడుస్తున్నది. పగటీలే గని మబ్బు కమ్మి షెడ్డంత చీకటి. నూనె వాసన, పాత దూది వాసన. పెన్‌డ్రైవ్ పెట్టంగనే అది అడిగింది... ఇందుల ఉన్నదంత తుడిచెయ్యాల్నా అని. నమ్రత సరేనన్నది.

తుడిసింది.

అప్పుడే భాగ్యలక్ష్మి ఒడిల చాట, ఆకు, కత్తెర వట్టుకోని గడప కాడ కూసున్నది.

"బాపు గీసింది తీసి పక్కకు పెట్టినవా బిడ్డా?"

నమ్రత స్క్రీను దిక్కు మల్లింది. "లేదమ్మా... యాది మర్సిన."

"బట్ట కోసినం. అది కొయ్యకపోతిమి గదనే."

"అది బట్ట కాదమ్మా."

బీడీకి దారం సుట్టే భాగ్యలక్ష్మి చెయ్యి ఆగింది.

లినక్స్ ఎక్కింది. బంద్ చేసి మల్ల పెట్టినంక స్క్రీను నల్లగ అయింది. మూలకు ఒక తెల్ల గీత. ఎలుగుతది, ఆరుతది. ఇంకేం లేదు. నమ్రత తనతోని చదివిన శుభమ్‌కు ఫోన్ చేసింది.

"గాబ్రా కాకు," అన్నడు వాడు. "కొత్తగ ఎక్కిస్తె అందరికి అయితది. బొమ్మ చూపే కార్డుకు దీనికి జమ్తలేదు. మొదలయ్యేటప్పుడు నేను చెప్పింది రాయి."

రాసింది. స్క్రీను వచ్చింది గని, అక్షరాలు ఇంతింత లావు. కార్డు డ్రైవర్ ఎక్కించుమన్నడు. ఎక్కిచ్చింది. మల్ల నలుపే.

"ఇగ రాతల స్క్రీనుకు పో. దానికి ఎన్ని స్క్రీన్లు తగిలిచ్చి ఉన్నయో అడుగు."

అడిగింది. తెల్ల అక్షరాలు వడ్డయ్. చదివి, మల్ల చదివింది.

"రెండున్నయంట శుభమ్. ఈడ ఒక్కటే ఉన్నది."

"ఓ, గంతేనా! లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తది. మామూలే. నీ బొమ్మంత ఆ లేనిదాని మీదికి పోతున్నది. దాని సైజు చెప్పు, బంద్ చేద్దాం."

నమ్రత అడ్డం ఎన్ని సుక్కలో గట్టిగ చదివింది. మగ్గానికి కొత్త పోగులు సర్దుతున్న సంతోష్ తల తిప్పిండు.

"ఆ లెక్క నీకు ఎవలు చెప్పిన్రే?"

"స్క్రీను సైజు కాకా."

"స్క్రీనుది కాదు. మీ బాపు మగ్గం హుక్కులు అన్నే."

ఫోన్ అటెనుక గర్రుమని కట్ అయింది.

నిలువు లెక్క ఇంకా చదవలే ఆమె. చదవబోతే... అది మారింది. ఒకటి పెరిగింది.

ఎనుక... టక్.

మల్ల ఒకటి పెరిగింది.

టక్.

లైన్ల కరెంటు లేదు. మోటర్ తిరుగుతలేదు. పట్టా కదులుతలేదు. అయినా మీద హుక్కులు లేస్తున్నయ్, దిగుతున్నయ్. పోగు మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతున్నది. నూలు కాలిన వాసన...

"కాకా, ముట్టకు!"

"ఆగకుంటె పోగులన్ని తెగుతయే..." అనుకుంట సంతోష్ చెయ్యి పెట్టిండు.

పోగులు వదులైనయ్. ఆయన మణికట్టు సుట్టు తిరిగినయ్. బిగిసినయ్. నూలు పోగులే... సాగదీసిన ఇనుప తీగెల లెక్క చర్మంలకు దిగినయ్. నాడె ఎగిరొచ్చి నోటి మీద కొట్టింది. పండ్లు రాలినయ్. మల్ల కొట్టింది. దవడ పక్కకు జరిగింది.

"థాంబ్! థాంబ్!" అని మరాఠీల ఆగుమని ఒర్రుతున్నడు, మగ్గానికి మరాఠీ వస్తదన్నట్టు.

నమ్రత రెండో స్క్రీను బంద్ అని రాసింది. బంద్ కాలే. తీగె పీకింది. ఇన్వర్టర్ వైరు పీకింది. స్క్రీను ఆరలే. లెక్క పెరుగుతనే ఉన్నది. టక్. టక్. టక్. ఒక్కో టక్కుకు సంతోష్ చెయ్యి ఇంత లోపలికి పోతున్నది. ఎముక ఇరిగిన సప్పుడు మగ్గం సప్పుట్ల కలిసిపోయింది. నెత్తురు పోగుల పొంటి పారి, నేస్తున్న బట్టల ఇంకుతున్నది.

భాగ్యలక్ష్మి చాట పారేసి ఉరికొచ్చింది. నేసిన బట్టకు బీడీ కత్తెర పెట్టింది.

"నీ పని అయిపోయింది... ఇగ పో... పో... పోవయ్యా..."

కర్ర్... కర్ర్... ఆఖరి పోగు తెగింది.

మగ్గం ఆగింది. సంతోష్ ఎల్లెలుకల వడ్డడు. పానం ఉన్నది. కుడి చెయ్యి మణికట్టు కాడ, కత్తెరతోని కోసినట్టే, సాఫ్‌గ తెగి ఉన్నది.

ఆ చెయ్యి కోసం మగ్గం అంత ఇప్పిన్రు. కింద గుంత దేవులాడిన్రు. దొరకలే.

ఆ నెత్తురు బట్టను భాగ్యలక్ష్మి పరిసి చూసింది. యాదగిరి గీసిన పువ్వులు కావు. బల్ల ముంగట కూసున్న ఒక పిల్ల, ఎనుక నుంచి. జడ, రవిక, అంత నమ్రతనే. పక్క నుంచి ఎవలదో చెయ్యి ఆమె భుజం మీదికి వస్తున్నది. మణికట్టు దాక నేసి ఉన్నది. ఆడనే కత్తెర పడ్డది.

మగ్గం తుక్కుకు పోయింది. కంప్యూటర్‌ను సుత దాంతోనే పంపిన్రు. ఆ బట్టను భాగ్యలక్ష్మి పొయ్యిల పెట్టింది. షెడ్డుకు తాళం వడ్డది.

సంతోష్ దవాఖాన నుంచి ఇంటికొచ్చిండు. నమ్రతనే బుక్కలు కలిపి నోట్లె పెడుతది. దవడకు కట్టు ఉన్నది, మాట ముద్దముద్దగ వస్తది.

"చేతి ఏళ్లు గుంజుతున్నయే," అన్నడు ఒకనాడు.

"ఏ ఏళ్లు కాకా?"

"లేనియి. డాక్టర్‌ను అడిగిన. లేని చెయ్యి ఉన్నట్టే అనిపిస్తదంట. మామూలే అన్నడు."

మామూలే అన్న మాట ఇనంగనే నమ్రత చెయ్యి గిన్నెల ఆగింది. పొద్దుగాల లేచినప్పుడల్ల ఎడమ భుజం మీద దూది నూగు అంటుకోని ఉంటున్నది. దులిపితే పోతది. తెల్లారితే మల్ల ఉంటది. నిన్న భుజం చివరన ఉండె. ఇయ్యాల మెడ కాడ ఉన్నది. కాకకు చెప్పలే.

సంతోష్ కండ్లు మూసుకున్నడు. కట్టు కట్టిన మొండి చెయ్యి ఒడిలనే ఉన్నది, కదుల్తలేదు. మొకం మీద చెమట పట్టింది.

"బిడ్డా... నీ మెడల ఏమన్న ఏసుకున్నవా?"

"ఏం ఎయ్యలే కాకా. ఎందుకు?"

"ఏళ్లకు ఏదో తగులుతున్నది. మెత్తగ... ఎచ్చగ... నరం కొట్టుకుంటున్నది." కండ్ల పొంటి నీళ్లు కారినయ్. "నేను పట్టుకుంటలేను బిడ్డా. నా తల్లి ఆన, నేను పట్టుకుంటలేను. దానంతల అదే... పిడికిలి అయితున్నది."