గాజు పళ్లెంలో చిన్నాన్న

"మా నాన్న చేతికి రెండు కుట్లు పడ్డాయి. ఎందుకో చెప్తారా?"

ల్యాబ్ గుమ్మంలో నిలబడి అడిగాడతను. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచకపోవడం అక్కడ అబ్బిన గుణమే కాబోలు.

సైంటిస్టు మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. "ఆయనే ఇష్టపడి ఇచ్చారండీ. చిటికెడు చర్మం."

"పార్కిన్సన్స్ మెదడు జబ్బు కదా. చర్మంతో ఏం పని?"

"మెదడు కోసి తియ్యమంటారా?"

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఆమె కుర్చీ చూపించి విడమరిచి చెప్పింది. చర్మకణాలను మార్చి మెదడు కణాలుగా పెంచొచ్చు. ఈ జబ్బులో కదలికల్ని నడిపించే కణాలు చచ్చిపోతాయి, వాటిలో ఒక ప్రొటీన్ ముద్దకడుతుంది. ముద్ద వల్ల కణం చస్తోందా, చచ్చే కణంలోనే ముద్ద కడుతోందా? అది తేల్చడమే ఆమె పని.

కొన్ని నెలలకి కణాలు పెరిగాయని కబురు చేస్తే వచ్చి చూశాడు. గాజు పళ్లెంలో సన్నటి దారాలు చాచుకున్న చుక్కలు.

"ఇది మా నాన్నేనా?"

"ఆయన్లోంచి వచ్చిందే."

"అయితే చిన్న నాన్న. చిన్నాన్న అందాం."

ఆమె ఫక్కున నవ్వేసింది.

అప్పట్నుంచి, "మా చిన్నాన్న కులాసాయేనా?" అంటూ వానలో తడిసైనా వచ్చేవాడు. ఒక కన్ను మైక్రోస్కోపుకి, రెండోది ఆమెకి అప్పగించేవాడు.

ఒక సోమవారం చూస్తే పళ్లేలన్నిటికీ బూజు పట్టింది. ఫ్రీజర్లో దాచినవీ పనికిరాలేదు. ఫోన్లో చెప్పబుద్ధి కాక ఆమె వాళ్లింటికే వెళ్లింది.

తండ్రి సోఫాలో కూర్చుని, వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని అంతా విన్నాడు. మాస్టారు మాత్రం కిటికీ వైపు తిరిగాడు.

"మీరు కోప్పడ్డంలో న్యాయముంది," అందామె.

"కోపం కాదండీ. రేపట్నుంచి ఏ వంకతో రావాలా అని."

ఆమె చెవులు వేడెక్కాయి. జబ్బు తండ్రి మొహంలో నవ్వుని బిగించేసింది కానీ, గొంతులో ఇంకా మిగిలే ఉంది. "నాకింకో చెయ్యుందిగా. రేపే తీసుకోమ్మా."

"మళ్లీ మొదట్నుంచీ అండీ. జవాబు ఎప్పటికి దొరుకుతుందో మాటివ్వలేను."

"నాకు కాకపోతే ఇంకొకరికి. నువ్వు మాటివ్వాల్సింది వేరే ఉంది."

"నువ్వుండు నాన్నా." మాస్టారు ఇటు తిరిగాడు. "ఈ జబ్బు రేపు నాకూ రావచ్చు. అది దాచి అడగలేను. నన్ను చేసుకుంటారా?"

"రావచ్చు, రాకపోనూవచ్చు. ఆ సంగతి మీకంటే నాకే బాగా తెలుసు," అందామె. "తెలిసే సరేనంటున్నాను."

తండ్రి ఆమె చెయ్యి అందుకుని కొడుకు చేతిలో పెట్టి, తన చెయ్యి పైన ఉంచాడు. కాసేపు ముగ్గురి చేతులూ వణికాయి.